పాత ట్రయల్స్ మోటారు సైకిలు పునరుద్ధరణ

పాత ట్రయల్స్ మోటారు సైకిలు పునరుద్ధరణ అనగా రాళ్ళు, వాగులు, బురద గల దారులలో జరిగే నైపుణ్య పోటీల కొరకు గత శతాబ్దంలో తయారైన మోటారు సైకిలును విడదీసి, అరిగిన భాగాలను బాగుచేసి, తిరిగి నడిచే స్థితికి తీసుకొనివచ్చుట. ఐరోపాలో, ముఖ్యంగా బ్రిటన్, స్పెయిన్ దేశాలలో, ఈ పనిని చాలామంది తమ ఇంటి షెడ్డులోనే చేసుకుంటారు. ఈ బండ్లలో విద్యుత్ పరికరాలు తక్కువ, ఇంజను చిన్నది, భాగాలు కొద్ది. కనుక ఓపిక, కొన్ని పనిముట్లు ఉన్న వ్యక్తి చాలావరకు స్వయంగా చేయగలుగుతాడు.

పనిముట్లకన్నా కష్టమైనది ఒక నిర్ణయం. బండిని అది పుట్టినప్పటి రూపానికి తీసుకొనిరావాలా, లేక నేటి చోదకునికి తగినట్లు మార్చుకోవాలా అన్నది మొదటి రోజే తేల్చుకోవలసి ఉంటుంది. ఒకసారి కోసిన ఫ్రేము, చెరిపేసిన సంఖ్య తిరిగి రావు. ఈ వ్యాసంలో స్పెయిన్ దేశపు బుల్టాకో షెర్పా టి అనే బండిని ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని వివరించడం జరిగింది.

ట్రయల్స్ పోటీ అంటే ఏమిటి

ట్రయల్స్ వేగపు పందెం కాదు. పోటీ దారిలో సెక్షన్లు అని పిలిచే కొన్ని కఠినమైన భాగాలు ఉంటాయి. బండరాళ్ళ మీదుగా, వాగు మధ్యగా, నిట్టనిలువు గట్టు పైకి చోదకుడు కాలు నేలకు ఆనించకుండా బండిని నడపాలి. ప్రతి సెక్షను వద్ద ఒక పరిశీలకుడు నిలబడి లెక్క వ్రాస్తాడు. ఒకసారి కాలు ఆనిస్తే 1, రెండుసార్లు ఆనిస్తే 2, అంతకు మించితే 3, బండి పడిపోయినా సెక్షను పూర్తి చేయలేకపోయినా 5 అన్నది నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతి. ఇవి తప్పుల లెక్క. కనుక తక్కువ అంకెలు వచ్చినవారే విజేతలు.

ఈ పోటీ స్వభావం వలననే ట్రయల్స్ బండి రూపం వేరుగా ఉంటుంది. చోదకుడు నిలబడి నడుపుతాడు గనుక సీటు నామమాత్రంగా ఉంటుంది. బండి బరువు తక్కువగా, హ్యాండిల్ బారు బాగా తిరిగేటట్లు, ఇంజను నేలకు ఎత్తుగా ఉంటుంది. గరిష్ఠ వేగం ముఖ్యం కాదు. మనిషి నడక వేగంలో కూడా ఇంజను ఆగిపోకుండా, కుదుపు లేకుండా లాగడం ముఖ్యం.

చరిత్ర

ఈ క్రీడలో ప్రసిద్ధమైన స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ 1909లో మొదలైన పోటీ నుండి పెరిగినది. ఇది ప్రస్తుతం స్కాట్లాండ్ లోని ఫోర్ట్ విలియం పట్టణం కేంద్రంగా ప్రతి సంవత్సరం మే నెలలో జరుగుతుంది. 1950లలోను, 1960ల ఆరంభంలోను ఈ పోటీలలో బ్రిటిష్ కంపెనీల నాలుగు స్ట్రోకుల బండ్లదే పైచేయి. ఏరియల్, బి.ఎస్.ఎ., మ్యాచ్‌లెస్, ఎ.జె.ఎస్., రాయల్ ఎన్‌ఫీల్డ్, ట్రయంఫ్ వాటిలో ముఖ్యమైనవి.

ఉత్తర ఐర్లాండుకు చెందిన సామీ మిల్లర్ 500 సి.సి. ఏరియల్ బండిపై 1962లోను, 1964లోను ఈ పోటీ గెలిచాడు. జి.ఒ.వి. 132 అనే రిజిస్ట్రేషన్ సంఖ్యతో ఆ బండి ప్రసిద్ధి పొందినది. ఆయన సంవత్సరాల తరబడి ఆ బండిలోని ఒక్కొక్క భాగాన్ని తేలిక చేస్తూ బరువును సుమారు 110 కిలోల వరకు తగ్గించాడు.

1964 చివరిలో మిల్లర్ బార్సిలోనా సమీపంలోని బుల్టాకో కంపెనీకి వెళ్ళాడు. మాంటెసా కంపెనీ నుండి విడిపోయిన ఫ్రాన్సిస్కో జేవియర్ బుల్టో 1958లో స్థాపించిన సంస్థ ఇది. అక్కడి సాంకేతికులతో కలిసి మిల్లర్ రూపుదిద్దిన రెండు స్ట్రోకుల బండియే షెర్పా టి. దీని ఇంజను 244 సి.సి., సిలిండరు వ్యాసం 72 మి.మీ., స్ట్రోకు 60 మి.మీ. బండి బరువు కేవలం 90 కిలోల చిల్లర. 1965లో మిల్లర్ దీనిపై స్కాటిష్ పోటీ గెలవడంతో బరువైన నాలుగు స్ట్రోకుల బండ్ల కాలం ముగింపుకు వచ్చినది. 1967, 1968 సంవత్సరాలలోను ఆయనే గెలిచాడు.

1975లో ప్రపంచ ట్రయల్స్ ఛాంపియన్‌షిప్ మొదలైనప్పుడు మొదటి విజేత బ్రిటన్‌కు చెందిన మార్టిన్ ల్యాంప్‌కిన్. తరువాత మూడేళ్ళు (1976–78) ఫిన్లాండుకు చెందిన ఉర్యో వెస్టెరినెన్, 1979లో అమెరికాకు చెందిన బెర్నీ ష్రైబర్ గెలిచారు. ఈ ఐదు విజయాలూ బుల్టాకో బండ్లపైనే లభించినవి. ఐతే కార్మిక వివాదాలు, ఆర్థిక ఇబ్బందుల కారణంగా ఆ కంపెనీ 1983లో మూతబడినది. అప్పటికే అమ్ముడైన బండ్లు మాత్రం ఐరోపా, అమెరికాలలోని ఇళ్ళ షెడ్లలో మిగిలిపోయాయి. నేడు పునరుద్ధరణకు అందుబాటులో ఉన్నవి ఇటువంటివే.

పునరుద్ధరణ, మార్పు – రెండు దారులు

మన ప్రాంతంలో పాత గుడికి జీర్ణోద్ధరణ చేసేటప్పుడు వచ్చే ప్రశ్నయే ఇక్కడా వస్తుంది. పడిపోయే గోడను నిలబెట్టుట ఒక పని. శిల్పాలపై రంగులు పూసి కొత్తవాటిగా చూపుట మరొక పని. రెండింటినీ జీర్ణోద్ధరణ అనే పిలుస్తారు గాని ఫలితం ఒకటి కాదు. మోటారు సైకిలు విషయంలో సాధారణంగా మూడు దారులు కనబడతాయి.

1. సంరక్షణ: ఉన్న రంగు, గీతలు, అరుగుదల అలాగే ఉంచి, నడవడానికి అవసరమైనంత మాత్రమే బాగుచేయుట.
2. పూర్తి పునరుద్ధరణ: కంపెనీ నుండి వచ్చిన రోజున ఎలా ఉన్నదో అలా తయారుచేయుట.
3. అనుకూలీకరణ: పాత బండి ఆధారంగా నేటి భాగాలు, నేటి కొలతలు చేర్చి పోటీకి సిద్ధం చేయుట.

ట్రయల్స్ బండి విషయంలో మరొక చిక్కు కలదు. ఈ బండ్లు కొన్న మరునాటినుండే యజమానుల చేతిలో మార్పులకు లోనైనవి. ఫుట్‌రెస్టులు వెనుకకు జరపడం, మడ్‌గార్డులు కత్తిరించడం, లైట్లు తీసివేయడం ఆనాడే సర్వసాధారణం. పైన చెప్పిన మిల్లర్ ఏరియల్ బండినే తీసుకుంటే, దానిని కంపెనీ రూపానికి తిరిగి తెస్తే దాని చరిత్ర అంతా చెరిగిపోతుంది, ఎందుకంటే ఆ మార్పులే దాని చరిత్ర. కనుక మార్పు అయిన ప్రతి భాగమూ పాడైన భాగం కాదు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో తెలిసిన మార్పు ఆ బండి జీవితంలో ఒక పేజీ వంటిది.

అనుభవజ్ఞులు పాటించే సూత్రం ఒకటి ఉన్నది. వెనుకకు తీసుకొనగల మార్పు చేయవచ్చును, తీసుకొనలేని మార్పు చేయరాదు. బోల్టుతో బిగించిన భాగాన్ని రేపు విప్పవచ్చును. కోసి వెల్డింగు చేసిన ఫ్రేమును మునుపటిలా చేయుట దాదాపు అసాధ్యం. తీసివేసిన అసలు భాగాన్ని పారవేయకుండా పేరు వ్రాసి అట్టపెట్టెలో దాచిపెట్టుట ఈ సూత్రంలో భాగమే.

బండిని గుర్తించుట

పని మొదలుపెట్టే ముందు బండి ఏ నమూనాకు చెందినదో నిర్ధారించుకోవాలి. బుల్టాకో బండ్లలో ఫ్రేముపైన, ఇంజనుపైన సంఖ్యలు చెక్కి ఉంటాయి. ఫ్రేము సంఖ్యకు ముందు బి, ఇంజను సంఖ్యకు ముందు ఎం అనే అక్షరాలు ఉంటాయి. ఆ తరువాత అంకెలు రెండింటికీ ఒకటే అయితే ఆ ఇంజను ఆ ఫ్రేములోనే కంపెనీ నుండి వచ్చినదని అర్థం. మొదటి అంకెలు నమూనాను సూచిస్తాయి. తొలి షెర్పా టి 10వ నమూనా గనుక దాని సంఖ్య 10తో మొదలవుతుంది.

తుప్పు తొలగించేటప్పుడు ఈ సంఖ్యలపై గ్రైండరు ఆడించకూడదు. సంఖ్య కనబడని బండికి రిజిస్ట్రేషన్ దొరకడం కష్టం, దొంగబండి అనే అనుమానానికి కూడా అది దారితీస్తుంది. రంగు వేసేవారికి ఫ్రేమును ఇచ్చేటప్పుడు కూడా ఈ విషయం ముందుగా చెప్పాలి.

విడదీయుట

తొందరపడి విడదీసిన బండి చాలా సందర్భాలలో తిరిగి కూడదు. అందువలన ఈ క్రమం మేలు.

• ప్రతి వైపునుండి ఫోటోలు తీసుకొనుట. ముఖ్యంగా తీగలు, కేబుళ్ళు ఎటునుండి ఎటు వెళ్ళినవో స్పష్టంగా కనబడాలి.
• నట్టులు, బోల్టులు, వాషర్లు ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క సంచిలో వేసి పేరు వ్రాయుట.
• బిగుసుకుపోయిన నట్టులకు తుప్పు వదిలించే నూనె పూసి ఒకటి రెండు రోజులు ఆగుట. అప్పటికీ రాకపోతే చుట్టూ ఉన్న లోహాన్ని వేడి చేయుట. అల్యూమినియం ఇనుముకన్నా ఎక్కువగా వ్యాకోచిస్తుంది గనుక వేడికి అల్యూమినియం పెట్టెలోని ఇనుప బోల్టు వదులవుతుంది.
• ఫ్లైవీలును సుత్తితో కొట్టకుండా దానికి సరిపడే పుల్లరుతోనే లాగుట. సుత్తి దెబ్బకు క్రాంకు వంగుతుంది.

ఆ కాలపు బ్రిటిష్ బండ్లకు అంగుళాల కొలత పానాలు, స్పెయిన్ బండ్లకు మిల్లీమీటర్ల పానాలు కావాలి. సరిపడని పానా నట్టు మూలలను గుండ్రంగా చేస్తుంది. తరువాత ఉలి తప్ప దారి ఉండదు.

చిన్న ఇనుప భాగాల తుప్పు వదిలించడానికి ఖరీదైన రసాయనాలు అవసరం లేదు. ఒక వంతు చెరకు మడ్డికి (మొలాసిస్) తొమ్మిది వంతుల నీరు కలిపి అందులో వారం, రెండు వారాలు నానబెడితే తుప్పు కరిగి లోహం మిగులుతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో ఇదే పని కొద్ది గంటలలో జరుగుతుంది. అల్యూమినియం భాగాలను, జింకు పూత గల భాగాలను మాత్రం వీటిలో వేయరాదు.

ఇంజను

షెర్పా టి ఇంజను రెండు స్ట్రోకులది. ఇందులో నాలుగు స్ట్రోకుల ఇంజనులో వలె వాల్వులు ఉండవు. పిస్టను పైకి వెళ్ళినప్పుడు దాని క్రింద ఉన్న క్రాంకుపెట్టెలోనికి పెట్రోలు, నూనె, గాలి మిశ్రమం వస్తుంది. పిస్టను క్రిందికి దిగినప్పుడు ఆ మిశ్రమం నొక్కుకొని సిలిండరు ప్రక్క మార్గాల గుండా పైకి పోతుంది. క్రాంకుపెట్టె ఇక్కడ పంపు వలె పనిచేస్తున్నదన్నమాట. మరమ్మత్తు చేసేవారు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇదే.

ఎన్నో ఏళ్ళు నిలిచిపోయిన బండిలో క్రాంకు రెండు వైపులా ఉన్న రబ్బరు ఆయిల్ సీళ్ళు గట్టిపడి పగులుతాయి. మాగ్నెటో వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి చొరబడుతుంది. మిశ్రమంలో పెట్రోలు, నూనె పాలు తగ్గి ఇంజను విపరీతంగా వేడెక్కి పిస్టను సిలిండరులో పట్టుకుపోతుంది. క్లచ్చు వైపు సీలు పోతే గేరుపెట్టెలోని నూనె ఇంజనులోనికి పీల్చబడి దట్టమైన తెల్లని పొగ వస్తుంది. బండి స్టార్టు అయినది కదా అని సీళ్ళు మార్చకుండా వదిలివేస్తే, కొత్తగా వేసిన పిస్టను కూడా పాడయ్యే ప్రమాదం ఉన్నది. పునరుద్ధరణలో సీళ్ళు మార్చడం తప్పనిసరి.

సిలిండరు అల్యూమినియంది, లోపల ఇనుప లైనరు ఉంటుంది. అరిగిన లైనరును లేత్ పనివారి వద్ద బోరు చేయించి, పావు మిల్లీమీటరు అంచెలలో దొరికే పెద్ద పిస్టను వేస్తారు. బోరు చేసిన తరువాత మార్గాల అంచులు కత్తివలె పదునుగా ఉంటాయి. వాటిని కొద్దిగా నున్నగా చేయకపోతే పిస్టను రింగులు తగులుకొని విరుగుతాయి. రింగు కొనలు మార్గం వద్దకు తిరిగి రాకుండా పిస్టనుపై చిన్న మేకులు ఉంటాయి. రింగు కొనను ఆ మేకు వద్దనే కూర్చోబెట్టాలి.

జ్వలన వ్యవస్థలో ప్లాటినం పాయింట్లు, కండెన్సరు, కాయిలు ఉంటాయి. పాయింట్ల మధ్య సందు సాధారణంగా 0.35 నుండి 0.4 మి.మీ. మెరుపు ఎప్పుడు రావాలన్నది పిస్టను పైకి చేరడానికి ఎన్ని మిల్లీమీటర్ల ముందు అనే లెక్కలో ఆ నమూనా పుస్తకంలో ఇస్తారు. దానిని ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజి పెట్టి కొలుస్తారు. పాత కండెన్సరు చల్లగా ఉన్నప్పుడు పనిచేసి వేడెక్కగానే మానుకొనుట తరచు కనబడే లోపం.

రెండు స్ట్రోకుల ఇంజనుకు నూనె పెట్రోలులోనే కలపాలి. ఆనాటి 20కి 1 పాలు అంటే లీటరు పెట్రోలుకు 50 మి.లీ. నూనె. నేటి మేలైన నూనెలతో కొందరు తక్కువ కలుపుతారు. మార్చదలచినవారు కార్బొరేటరు జెట్టును కూడా సరిచూసుకోవాలి. ఎందుకంటే నూనె తగ్గినప్పుడు అదే జెట్టు గుండా పోయే పెట్రోలు పాలు పెరుగుతుంది.

పెట్రోలు టాంకు

అనేక షెర్పా నమూనాలకు ఫైబర్‌గ్లాస్ టాంకు ఉండేది. ఇది తేలికగా, అందంగా ఉంటుంది. ఐతే ప్రమాదంలో పగిలి పెట్రోలు చిమ్ముతుందనే కారణంతో బ్రిటన్‌లో 1970లలో రోడ్డు వాహనాలకు ఇటువంటి టాంకులను నిషేధించారు. నేడు దీనికి మరొక సమస్య తోడైనది. పెట్రోలులో కలిపే ఇథనాలు పాత ఫైబర్‌గ్లాస్ లోని రెసిన్‌ను మెత్తబరుస్తుంది. కరిగిన రెసిన్ బంకవలె కార్బొరేటరులోనికి, ఇంజనులోనికి చేరి జెట్టులను, పిస్టను రింగులను పట్టేస్తుంది.

బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుండి సాధారణ పెట్రోలులో ఇథనాలు 10 శాతం వరకు ఉంటున్నది. భారతదేశంలో 2025 నాటికి 20 శాతం కలిపిన పెట్రోలు దేశమంతటా అమ్మకానికి వచ్చినది. కనుక అసలు టాంకును ఖాళీ చేసి ప్రదర్శనకు మాత్రమే ఉంచి, నడిపేటప్పుడు అల్యూమినియం టాంకు బిగించుకొనుట ఎక్కువమంది అనుసరించే పద్ధతి. వెనుకకు తీసుకొనగల మార్పుకు ఇది చక్కని ఉదాహరణ. టాంకు లోపల ఎపాక్సీ పూత వేసే పద్ధతి కూడా ఉన్నది గాని, లోపలి గోడ పూర్తిగా శుభ్రపడి ఆరకపోతే ఆ పూత పొలుసులుగా ఊడివస్తుంది.

ఫ్రేము, చక్రాలు

ఫ్రేమును శుభ్రపరచిన తరువాత అతుకులన్నింటినీ భూతద్దంతో పరిశీలించాలి. ఫుట్‌రెస్టులు అతికిన చోట, హ్యాండిల్ కాలరు క్రింద, వెనుక షాకులు బిగించే చోట పగుళ్ళు వస్తాయి. పొడిరంగు వేసి బట్టీలో కాల్చే పూత (పౌడర్ కోటింగు) మందంగా, గట్టిగా ఉంటుంది. ఐతే దాని క్రింద కొత్త పగులు వచ్చినా కనబడదు. సాధారణ రంగులో గీత పడితే ఇంటివద్దనే సరిచేసుకోవచ్చును, పగులు కూడా త్వరగా బయటపడుతుంది.

చక్రాల పుల్లలు (స్పోకులు) ఒక్కొక్కటి వేలితో మీటితే ఒకేరకమైన మోగుదల రావాలి. మొద్దుగా పలికినది వదులైనదని అర్థం. ముందు చక్రం 21 అంగుళాలు, వెనుక చక్రం 18 అంగుళాలు ఉండుట ఈ బండ్లలో పరిపాటి.

ట్రయల్స్ టైరులో గాలి చాలా తక్కువ. వెనుక టైరులో చదరపు అంగుళానికి 4 నుండి 6 పౌండ్లు మాత్రమే ఉంచుతారు. టైరు మెత్తగా రాయిని పట్టుకొనడానికి ఇది అవసరం. ఇంత తక్కువ గాలితో రిమ్ముపై టైరు జారి ట్యూబు వాల్వును తెంపే అవకాశం ఉన్నది. అందుకే రిమ్ముకు టైరును నొక్కిపట్టే ప్రత్యేకమైన బోల్టు వేస్తారు. ఇదే గాలితో రోడ్డుపై వేగంగా నడుపుట ప్రమాదకరం.

చోదకునికి తగిన మార్పులు

బండిని తన ఒంటికి తగినట్లు సరిచేసుకొనుటలో తప్పు లేదు. చాలా మార్పులు అసలు భాగాలకు హాని లేకుండానే చేయవచ్చును.

హ్యాండిల్ బారు: నిలబడినప్పుడు నడుము వంగకుండా చేతికి అందే ఎత్తు గలది ఎన్నుకోవాలి. పొడవైనవారికి ఎత్తైన బారు, లేదా బారు క్రింద చిన్న దిమ్మలు సరిపోతాయి.

ఫుట్‌రెస్టులు: కొద్దిగా వెనుకకు, క్రిందికి జరిపితే చోదకుని బరువు వెనుక చక్రంపై పడి పట్టు పెరుగుతుంది. ఫ్రేము ఫుట్‌రెస్టులను కోయకుండా బోల్టుతో బిగించే పలకల ద్వారా ఈ పని చేసుకోవచ్చును. బాగా వెనుకకు జరిపితే గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రం లేచిపోతుంది.

స్ప్రాకెట్టు: ముందు స్ప్రాకెట్టుకు 13 పళ్ళు, వెనుకదానికి 46 పళ్ళు ఉన్నవనుకుందాం. నిష్పత్తి 46ను 13తో భాగించగా 3.54. ముందు 11 పళ్ళది వేస్తే నిష్పత్తి 4.18 అవుతుంది. అంటే అదే ఇంజను వేగానికి చక్రం నెమ్మదిగా తిరిగి, లాగే బలం సుమారు 18 శాతం పెరుగుతుంది. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే మార్పు ఇది.

ఎలక్ట్రానిక్ జ్వలన: పాయింట్ల స్థానంలో దీనిని అమర్చితే తడిలో కూడా బండి నమ్మకంగా స్టార్టు అవుతుంది. కొన్ని రకాల పరికరాలతో తేలికైన ఫ్లైవీలు వస్తుంది. ట్రయల్స్ బండికి బరువైన ఫ్లైవీలే మేలు. అది తన వేగాన్ని నిలుపుకొని, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆగిపోకుండా కాపాడుతుంది.

హ్యాండిల్ కోణం: ముందు ఫోర్కును నిలువుగా చేస్తే బండి చిన్న జాగాలో తిరుగుతుంది. కొందరు దీనికోసం ఫ్రేము తలను కోసి వెల్డింగు చేస్తారు. ఇది వెనుకకు తీసుకొనలేని మార్పు. వెల్డింగు లోపం వలన తల విరిగితే ప్రాణాపాయం కూడా. పొడవైన వెనుక షాకులు వేసినా, ఫోర్కులను క్లాంపులలో కొద్దిగా పైకి జరిపినా ఈ ఫలితంలో కొంత భాగం లభిస్తుంది.

ఒక తెలియని బండి ఎక్కేవారు మీటల స్థానం కూడా గమనించాలి. ఆ కాలపు షెర్పాలలో గేరు మీట కుడి కాలి వైపు, వెనుక బ్రేకు ఎడమ కాలి వైపు ఉంటాయి. నేటి బండ్లకు అలవాటైనవారు ఆపదలో బ్రేకు అనుకొని గేరు నొక్కుతారు.

పోటీ నియమాలు, వివాదం

పాత బండ్లకు బ్రిటన్, ఐరోపాలలో ప్రత్యేక తరగతులు ఉన్నాయి. 1965కు ముందరి బండ్లకు ఒక తరగతి, వెనుక రెండు షాకులు గల బండ్లకు మరొక తరగతి. స్కాట్లాండ్ లోని కిన్‌లోక్‌లెవెన్ గ్రామంలో 1965కు ముందరి బండ్లకు ప్రత్యేకమైన పోటీ జరుగుతుంది. ఈ తరగతులలోనే పెద్ద వివాదం కూడా పుట్టినది.

గెలుపు కోసం కొందరు పాత బండి ఆకారం మాత్రం ఉంచి, కొత్తగా తయారుచేసిన తేలికైన ఫ్రేము, కొత్త హబ్బులు, లోపల నేటి భాగాలు గల ఫోర్కులు బిగించారు. చివరికి బండిలో 1965 నాటిది ఇంజను పెట్టె మాత్రమే మిగిలిన సందర్భాలు ఉన్నాయి. ఇటువంటివి లేకుంటే విడిభాగాల తయారీ ఆగిపోయి క్రీడయే అంతరిస్తుందని ఒక పక్షం వాదన. అసలైన పాత బండి తెచ్చినవాడు ఓడిపోతే, ఆ బండి మళ్ళీ షెడ్డుకే పోతుందని రెండవ పక్షం వాదన. అందువలన పోటీకి ముందు యంత్రాలను తనిఖీ చేయుట, అనుమతించే భాగాలను నియమాలలో వ్రాయుట ఆచారమైనది. పోటీ చేయదలచినవారు భాగాలు కొనక ముందే నియమావళి చదువుకొనుట అవసరం.

భారతదేశంతో సంబంధం

భారతీయులకు చిరపరిచితమైన బుల్లెట్ బండి కూడా ట్రయల్స్ రంగంలోనే పేరు తెచ్చుకున్నది. వెనుక చక్రానికి స్ప్రింగు షాకులు గల 350 సి.సి. బుల్లెట్ నమూనా బండ్లు 1948లో బ్రిటన్ లోని కోల్‌మోర్ కప్ ట్రయల్‌లో మొదట కనిపించాయి. వెనుక చక్రం ఊగితే పట్టు పోతుందని ఆనాటి అనుభవజ్ఞుల నమ్మకం. జానీ బ్రిటెన్ 1952లోను, 1957లోను రాయల్ ఎన్‌ఫీల్డ్ బండిపై స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలవడంతో ఆ నమ్మకం వీగిపోయినది.

1954లో భారత ప్రభుత్వం సైన్యం కొరకు 800 బుల్లెట్లకు ఆర్డరు ఇచ్చినది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడినది. బ్రిటన్‌లో తయారీ 1970 నాటికి ఆగిపోయినా మద్రాసులో కొనసాగినది. 2019లో ఆ పాత పోటీ బండ్ల రూపాన్ని గుర్తుచేస్తూ బుల్లెట్ ట్రయల్స్ అనే నమూనాలు విడుదలైనాయి గాని వాటి తయారీ ఎక్కువకాలం సాగలేదు. రెండు స్ట్రోకుల విషయానికి వస్తే, మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్లు బాగుచేసిన పాత మెకానిక్కులకు పైన చెప్పిన సీళ్ళు, పాయింట్లు, పెట్రోలులో నూనె కొత్త విషయాలు కావు.

భారతదేశంలో ఈ పని చేసేవారు చట్టాన్ని కూడా గమనించాలి. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చినది. మొదటి రిజిస్ట్రేషన్ నుండి 50 ఏళ్ళు దాటి, ఫ్రేము, ఇంజనులలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాలకే ఆ గుర్తింపు లభిస్తుంది. వాటి నంబరు పలకపై వి.ఎ. అనే అక్షరాలు ఉంటాయి. కనుక ఇక్కడ ఫ్రేము కోయుట చరిత్రకు మాత్రమే కాక, ఆ గుర్తింపుకు కూడా నష్టం కలిగిస్తుంది.

జాగ్రత్తలు

• పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును. డ్రమ్ములోని ధూళిని గాలితో ఊదరాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటకట్టి వేరుగా పారవేయాలి. ఊపిరితిత్తులలో చేరిన ఆ ధూళి వలన అనేక ఏళ్ళ తరువాత కూడా వ్యాధులు వస్తాయి.
• భాగాలను పెట్రోలుతో కడుగుట చాలాచోట్ల అలవాటు. మూసిన గదిలో దాని ఆవిరి చిన్న నిప్పురవ్వకే మండుతుంది. కిరోసిను లేదా డీజిలు కొంత మేలు, వాటిని కూడా ఆరుబయటనే వాడాలి.
• టాంకు ఖాళీగా కనబడినా ఆవిరి మిగిలి ఉంటుంది. అటువంటి టాంకుకు ఇంటివద్ద వెల్డింగు చేయరాదు.
• జింకు పూత గల భాగాన్ని వెల్డింగు చేస్తే వచ్చే పొగ పీల్చరాదు.
• మొదటిసారి నడిపేటప్పుడు రోడ్డుపైకి పోకుండా ఖాళీ స్థలంలో బ్రేకులు, క్లచ్చు, యాక్సిలరేటరు కేబులు తిరిగి వెనుకకు వచ్చుట సరిచూడాలి.

పని చిట్టా

ప్రతి దశలో ఏమి విప్పినది, ఏమి మార్చినది, ఏ కొలత వచ్చినది ఒక పుస్తకంలో తేదీతో వ్రాసి ఉంచుట మంచి అలవాటు. సిలిండరు ఏ సైజుకు బోరు చేయించారో, పాత భాగం ఏ పెట్టెలో ఉన్నదో, ఏ మార్పును ఎలా వెనుకకు తీసుకొనవచ్చునో అందులో ఉండాలి. బండి చేతులు మారినప్పుడు ఆ పుస్తకం కూడా దానితో పాటు వెళ్ళాలి. కొత్త యజమాని దానిని చూసి, అసలు భాగమేదో, తరువాత చేర్చినదేదో ఊహించే పని లేకుండా తన పని మొదలుపెట్టగలుగుతాడు.

ఇవి కూడా చూడండి

• మోటారు సైకిలు
• రెండు స్ట్రోకుల ఇంజను
• రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్
• కార్బొరేటరు